వినుట, చదువుట: ఆంగ్ల పరీక్షకు పల్లెలోనే సాధన

పలమనేరు ప్రాంతమున ఒక గ్రామసభ ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యుడు నన్ను ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసెను. ఆయన కుమార్తె నర్సింగు పట్టభద్రురాలు. విదేశమున ఉద్యోగమునకై ఆంగ్ల పరీక్ష వ్రాసినది. ఆయన మాటలను ఉన్నవి ఉన్నట్లే ఇచట వ్రాయుచున్నాను: "మా పాప ఇంగ్లీషు పేపరు గడగడా చదవతాది సార్. చదివే దాంట్లో ఏడు వచ్చినాది, వినే దాంట్లో అయిదున్నరే వచ్చినాది. చెవులు బాగానే ఉండాయి గదా, ఎట్లా పోయింది?" పరీక్ష రుసుమునకును, శిక్షణకును ఆయన రెండు పాడి ఆవులను అమ్మియుండెను.

ఆనాడు నేను ఆయనకు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత కొంత చదివి, ఉపాధ్యాయులతో మాటలాడి తెలిసికొనిన సంగతులను పంచాయతీ సభ్యులందరి ఉపయోగార్థము ఇచట పొందుపరచుచున్నాను. ఇట్టి ప్రశ్న మీలో చాలమందికి మీ ఇంటిలోనో, మీ వీధిలోనో ఎదురైయుండును. తిరుపతిలోను, చిత్తూరులోను, అరగొండలోను నర్సింగు విద్య గరపు కళాశాలలు కలవు. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము మన పల్లెల బిడ్డలకు అందుబాటులోనే యున్నవి. చదువు ముగిసిన పిమ్మట పై దేశములకు పోగోరువారికి ఈ పరీక్ష తప్పదు.

ఆ యువతి వ్రాసినది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను పరీక్ష. వాడుకలో "ఐల్ట్స్" అందురు. ఇది 1989 నుండి ఆ పేరుతో జరుగుచున్నది. వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు. ఒక్కొక్క దానికి 9కి మించకుండ అంకె వేయుదురు. బ్రిటన్ దేశమున నర్సుగా నమోదగుటకు అచటి నర్సింగు కౌన్సిలు మొదటి రెండింటిలోను, మాటలాడుటలోను 7, వ్రాయుటలో 6.5 కోరుచున్నది. వైద్యవృత్తి వారికే ప్రత్యేకించిన ఓ.ఇ.టి. అను మరియొక పరీక్షను గూడ అంగీకరించును. ఐల్ట్స్ రుసుము 2025 నాటికి పదిహేడు, పదునెనిమిది వేల రూపాయలకు చేరినది. ఒక్క భాగమున తక్కువ వచ్చినను ఉద్యోగము ఆగిపోవును. కంప్యూటరుపై వ్రాసినవారు ఆ ఒక్క భాగమునే మరల వ్రాయు వీలు కలదు గాని, అన్ని సంస్థలును దానిని ఒప్పుకొనవు, ముందుగా విచారించుకొనవలెను.

కన్ను నేర్చినది, చెవి నేర్వలేదు

సభ్యుని ప్రశ్నకు సమాధానము మన జిల్లాలలోనే దొరకును. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు రైతును చూడుడు. తమిళము ధారాళముగా మాటలాడును; తమిళ అక్షరము ఒక్కటియు చదువలేడు. కుప్పము, పలమనేరు వైపు కన్నడము సంగతియు ఇంతే. ఆ భాషలు సంతలో, బస్సులో, వియ్యాలవారి ఇండ్లలో చెవిన పడి వచ్చినవి. ఆంగ్లము దీనికి తలక్రిందు. అది మన బిడ్డలకు నల్లబల్ల మీదనుండియు, పాఠ్యపుస్తకము నుండియు, ప్రశ్నలు జవాబుల గైడు నుండియు వచ్చినది. పదునైదేండ్లు కంటితో నేర్చిన భాషను ఒక్క అరగంట చెవితో పట్టుకొనుమనిన ఎట్లు సాధ్యమగును?

వేరొక కారణము కలదు. తెలుగున ప్రతి అక్షరమును నిండుగా పలుకుదుము. వ్రాసినదే పలుకు, పలికినదే వ్రాత. ఆంగ్లమున అట్లు కాదు. ఒక మాటలో ఒక భాగమును గట్టిగా నొక్కి, మిగిలినదానిని మ్రింగివేయుదురు. "వెజిటబుల్" అని మనము నాలుగు ముక్కలుగా పలుకు మాటను వారు "వెజ్‌టబ్‌ల్" అని ముగింతురు. "కంఫర్టబుల్" అనునది "కంఫ్‌టబ్‌ల్" అగును. అండ్, ఆఫ్, టు, ఫ్రమ్ వంటి చిన్న మాటలు నోటిలోనే మునిగిపోవును; "బ్రెడ్ అండ్ బటర్" అనునది "బ్రెడ్‌న్‌బటర్" అని వినబడును. మన విద్యార్థి చెవి ఆ "అండ్" కొరకు ఎదురుచూచుచుండగా మాటలాడువాడు రెండు వాక్యములు ముందుకు పోయియుండును. దీనిపై పరీక్షలో బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, అమెరికా వారి గొంతులు కలగలుపుగా వచ్చును. కావున ఆ యువతి తెలివికి గాని, చెవులకు గాని లోపము లేదు. సాధన చేయని పనికి పరీక్ష ఇచ్చినది, అంతే.

పాఠశాలలలో ఈ లోపమును సరిదిద్దుటకు ఒక ప్రయత్నము జరిగినది. 2023 జూనులో రాష్ట్ర ప్రభుత్వము అమెరికా దేశపు ఈ.టీ.ఎస్. సంస్థతో ఒప్పందము చేసికొని ప్రభుత్వ పాఠశాలలలో టోఫెల్ శిక్షణను ప్రవేశపెట్టెను. 3 నుండి 5 తరగతుల వారికి టోఫెల్ ప్రైమరీ, 6 నుండి 9 తరగతుల వారికి టోఫెల్ జూనియర్ నిర్ణయించిరి. 2024 ఏప్రిల్‌లో పరీక్షలును జరిగినవి. ఆ సంవత్సరమే ప్రభుత్వము మారిన తరువాత ఆ కార్యక్రమము నిలిచిపోయినది. దాని మంచిచెడ్డల చర్చ ఇచట అప్రస్తుతము. అయితే ఒక్క సంగతి గమనింపదగినది: ఆ పరీక్షలలో చదువుటతో సమానముగా వినుటకు స్థానము కలదు. మన వార్షిక పరీక్షలలో వినుటకు మార్కులు లేనందున తరగతిలో దానికి కాలమును లేదు. పరీక్ష పోయినను అవసరము పోలేదు.

వినుటకు సాధన

పరీక్షలో వినుట అరగంట పని. నాలుగు భాగములు, భాగమునకు పది చొప్పున 40 ప్రశ్నలు. మొదటిది ఇద్దరి మధ్య నిత్యవ్యవహార సంభాషణ. గది అద్దెకు తీసికొనుట, పేరు నమోదు చేయించుకొనుట వంటిది. రెండవది ఒక్కరే చెప్పు వివరము. మూడవది విద్యార్థులు, అధ్యాపకుల చర్చ. నాలుగవది ఉపన్యాసము. ధ్వని ముద్రణ ఒక్కసారియే వినిపింతురు, మరల వేయరు. అయితే ప్రశ్నలను ముందు చూచుకొనుటకు కొంత వ్యవధి నిత్తురు. జవాబులును ప్రశ్నల వరుసలోనే వచ్చును. ఈ రెండు సంగతులు తెలిసినవానికి భయము సగము తగ్గును.

మొదటి భాగమున అంకెలు, తేదీలు, పేర్ల అక్షరక్రమము ముఖ్యము. దీనికి ఖర్చు లేని పాఠశాల ఒకటి కలదు: రేణిగుంట జంక్షను. అచట ప్రతి బండి ప్రకటనయు తెలుగు, హిందీ, ఆంగ్లములలో వచ్చును. బండి సంఖ్య అయిదంకెలు, వేళ, ప్లాట్‌ఫారము. ఆంగ్ల ప్రకటన విని కాగితముపై వ్రాసికొని తెలుగు ప్రకటనతో సరిచూచుకొనవచ్చును. తప్పు దిద్దు గురువు అచటనే యున్నట్లు లెక్క. నేను బండికై వేచియున్నప్పుడు ఇట్లు చేసి చూచితిని; మొదటి దినమున నాలుగింట రెండు తప్పినవి. ఇంటివద్ద ఒకరు అంకెలు చదువుచుండగా ఒకరు వ్రాయవచ్చును. "థర్టీన్", "థర్టీ", "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అను జంటలను మార్చిమార్చి చదువవలెను. మొదటిదానిలో నొక్కు తుదిని, రెండవదానిలో మొదట పడును. భేదమంతయు ఆ నొక్కులోనే యున్నది. అక్షరములలో "ఏ, ఈ, ఐ" లను, "జీ, జే" లను తారుమారు చేయువారు చాలమంది. "డబుల్ ఎల్" అనగా ఎల్ రెండుసార్లు అని తెలియక తికమకపడినవారును కలరు.

పరీక్షలో ఒక ఎర యుండును. మాటలాడువారు ఒకటి చెప్పి వెంటనే దిద్దుకొందురు. తిరుపతిలో సత్రమునకు ఫోను చేసిన ఒక పెద్దమనిషి, "మంగళవారము వత్తుము, కాదు కాదు, ఆనాడు పెండ్లి యున్నది, గురువారము వ్రాసికొనుడు" అనును. మంగళవారము అని వినగానే వ్రాసి కలము దింపినవానికి మార్కు పోవును. అట్లే "రెండు మాటలకు మించరాదు" అని ఆదేశమున్నచోట మూడు మాటలు వ్రాసినచో భావము సరియైనను జవాబు తప్పే. అక్షరదోషమునకును మన్నింపు లేదు.

సాధన చేయు విధము ఇది. మూడు, నాలుగు నిమిషముల ధ్వని భాగము నొకదానిని ఎంచుకొనవలెను. మొదట వ్రాత చూడక ఒక్కసారి విని, తెలిసినది వ్రాయవలెను. పిమ్మట వాక్యము వాక్యముగ ఆపి విని, ప్రతి మాటను వ్రాయ యత్నింపవలెను. ఇది విసుగు పని. మేలు చేయునదియు ఇదియే. తరువాత అచ్చు పాఠముతో పోల్చి తప్పిన మాటలను గుర్తింపవలెను. ఆ మాట తెలియక తప్పినదా, తెలిసియు చెవి పట్టలేదా అని విడదీయవలెను. రెండవ రకమే ఎక్కువగా నుండును. తుదకు పాఠమును మూసి మరల వినవలెను. దినమునకు అరగంట చాలును. ఆదివారమున అయిదు గంటలు కూర్చుండి తక్కిన ఆరు దినములు మానినచో ఫలము లేదు.

వినుటకు సామగ్రి కొరత లేదు. ఆకాశవాణి ఆంగ్ల వార్తలు క్లుప్తములు, స్పష్టములు. మనకు పరిచితమైన గొంతుతో మొదలుపెట్టుట మంచిది. బీ.బీ.సీ. వారు నేర్చుకొనువారి కొరకు ఆరు నిమిషముల పాఠములను అచ్చు పాఠముతోసహా ఉచితముగా నిచ్చుచున్నారు. నిదానముగా మొదలుపెట్టుటలో చిన్నతనము లేదు. 1959లో వాయిస్ ఆఫ్ అమెరికా వారు సుమారు 1500 మాటలతోనే, మామూలు వేగముకంటె నెమ్మదిగా చదువు వార్తలను ప్రారంభించి దశాబ్దములపాటు నడిపిరి. ఎన్నియో దేశముల వారు వాటితో ఆంగ్లము నేర్చిరి. ఆంగ్ల చలనచిత్రములు చూచినచో చాలునని కొందరందురు. క్రింద అక్షరములు కనబడుచున్నంతవరకు కన్నే పనిచేయును, చెవి నిద్రపోవును.

చదువుట

చదువు భాగమునకు గంట కాలము. ఉన్నత విద్యకు, వృత్తి నమోదుకు వ్రాయువారికి మూడు పెద్ద వ్యాసములు, 40 ప్రశ్నలు. మన విద్యార్థులు ఇచట ఓడుట భాష రాక కాదు, కాలము చాలక. మొదటి మాటనుండి తుది మాటవరకు పాఠ్యపుస్తకమువలె చదువుదురు. తెలియని మాట యొకటి తగిలినచో అచటనే నిలిచిపోవుదురు.

పంచాయతీ కార్యాలయమున ఇంటిపన్ను డిమాండు రిజిష్టరును మీరెట్లు చూతురు? ఒక ఇంటి నంబరు కొరకు పుటలన్నియు చదువరు గదా. వ్రేలు క్రిందికి జరుపుచు ఆ నంబరువద్ద ఆగుదురు. పేరు, సంవత్సరము, అంకె అడిగిన ప్రశ్నకు అట్లే వెదుకవలెను. ఒక సర్క్యులరు వచ్చినప్పుడు ముందు విషయము, మొదటి పంక్తి, తుది పంక్తి చూచి సంగతి గ్రహింతురు. వ్యాసమును మొదట రెండు నిమిషములు అట్లు చూడవలెను. ఇవి మీరు నిత్యము చేయు పనులే.

అందరిని ఎక్కువగా తికమకపెట్టు ప్రశ్న వేరొకటి కలదు. ఒక వాక్యమునిచ్చి అది నిజమా, తప్పా, లేక వ్యాసమున చెప్పబడలేదా అని అడుగుదురు. నోటీసు బోర్డుపై ఈ ప్రకటన యున్నదనుకొనుడు: "గ్రామసభ అక్టోబరు 2వ తేదీ ఉదయము 10 గంటలకు పాఠశాల ఆవరణలో జరుగును." ఇప్పుడు "సభ పాఠశాలలో జరుగును" అనునది నిజము. "సభ సాయంత్రము జరుగును" అనునది తప్పు. "సభకు సర్పంచి అధ్యక్షత వహించును" అనునదో? సభ్యులందరును నిజమనియే అందురు. చట్టప్రకారము అధ్యక్షుడు సర్పంచియే. కాని నోటీసులో ఆ మాట లేదు. పరీక్షకు జవాబు "చెప్పబడలేదు". మనకు తెలిసినదానిని పక్కన పెట్టి కాగితముపై నున్నదానినే నమ్మవలెను. తెలివిగలవారే ఈ ప్రశ్నలో ఎక్కువ తప్పులు చేయుదురు. వారికి తెలిసిన సంగతులు ఎక్కువ గనుక.

చదువుటకు ఆంగ్ల దినపత్రికలోని ఒక సంపాదకీయము, ఒక విజ్ఞానశాస్త్ర వ్యాసము దినమునకు చాలును. గడియారము ఎదుట పెట్టుకొని చదివి, ప్రతి పేరాకు ఒక శీర్షిక తెలుగుననైనను వ్రాయవలెను. శీర్షిక వ్రాయలేనిచో ఆ పేరా తెలియలేదన్నమాట. నిఘంటువును చదివిన తరువాతనే తెరువవలెను.

పంచాయతీ చేయదగినది

1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో యునెస్కో సహాయముతో ఒక ప్రయోగము జరిగినది. గ్రామస్థులు కొందరు ఒకచోట గుమిగూడి రేడియో కార్యక్రమము విని, దానిపై చర్చించి, ఆచరణకు పూనుకొనిరి. 1959 నుండి ఈ రేడియో గోష్ఠులు దేశమంతట విస్తరించినవి. అవి వ్యవసాయమునకు ఉద్దేశింపబడినవి. వినుట అను విద్య గుంపుగా నేర్చినచో తొందరగా వచ్చునని ఆ అనుభవమువలన గ్రహింపవచ్చును. ఒకరు పట్టలేని మాటను ఇంకొకరు పట్టుదురు. ఎందుకు పట్టిరో మాటలాడుకొందురు.

ఇట్టి గోష్ఠికి గ్రామమున ఒక గది, ఒక చిన్న స్పీకరు, ఇంటర్‌నెట్ గల ఒక ఫోను చాలును. ఉన్నత పాఠశాలలలో ఈ మధ్య అమర్చిన పెద్ద తెరలను ప్రధానోపాధ్యాయుని అనుమతితో సాయంకాలము ఒక గంట వాడుకొనవచ్చును. విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు ఒక్కడు దొరికినచో అదృష్టమే. పరీక్ష నిర్వాహకుల నమూనా ప్రశ్నపత్రములు, ధ్వని ముద్రణలు వారి వెబ్‌సైటులలో ఉచితముగా నున్నవి. ఆలయము మైకుకు మాత్రము దీనిని తగిలింపవలదు. ఊరందరికి విసుగు కలుగును, ఎవ్వరును నేర్వరు.

వేళ విషయమున జాగ్రత్త అవసరము. రాత్రి ఎనిమిదికి పెట్టినచో బాలికలు రారు. పరీక్ష వ్రాయువారిలో వారే అధికులు. సాయంకాలము అయిదు మొదలు ఆరు వరకు అనుకూలము.

గ్రంథాలయ సంగతి మీ చేతిలోనిదే. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పంచాయతీయే వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. వసూలు చేసి జమకట్టని పంచాయతీ, తమ ఊరి శాఖకు ఆంగ్ల పత్రిక ఎందుకు రాదని అడుగుటకు జంకవలసి వచ్చును. బాకీ లేని పంచాయతీ సభ్యులు ఒక తీర్మానము చేసి, ఒక ఆంగ్ల దినపత్రికను, ఒక మంచి నిఘంటువును, పరీక్ష సాధన పుస్తకములను కోరవచ్చును.

దళారుల విషయమున గట్టిగా చెప్పవలసియున్నది. పరీక్ష వ్రాయకనే ధ్రువపత్రము ఇప్పింతుమని లక్షలు గుంజువారు కలరు. విశ్వవిద్యాలయములును, ఉద్యోగమిచ్చు సంస్థలును అంకెలను నేరుగా పరీక్ష నిర్వాహకులవద్దనే సరిచూచుకొనును. దొంగపత్రము పట్టుబడినచో సొమ్మును పోవును, వీసా ఆశయు పోవును. ఇట్టివారు మీ ఊరికి వచ్చినచో పోలీసులకు తెలుపుడు.

తప్పినవారిని చులకన చేయుటయు తగదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి లండను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఒకటికంటె ఎక్కువ పర్యాయములు విఫలుడయ్యెను. తరువాత ఆయన దశాబ్దములపాటు ఖండఖండముల వారికి ఆంగ్లముననే ఉపన్యసించెను.

ఇక సొమ్ము కట్టు వేళ. పరీక్షకు పాస్‌పోర్టు గుర్తింపుగా నుండవలెను. అందలి పేరు పదవ తరగతి ధ్రువపత్రములోని పేరుతో అక్షరము పొల్లుపోక సరిపడుచున్నదో లేదో ముందే చూచుకొనవలెను. ఫలితము సాధారణముగా రెండు సంవత్సరములే చెల్లును గాన మరీ తొందరపడి వ్రాసినను నష్టమే. 7 అంకె రావలెనన్న 40కి సుమారు 30 సరియైన జవాబులు కావలెను. ఇంటివద్ద నమూనా పత్రములలో, ధ్వనిని నడుమ ఆపకుండ, వరుసగా మూడుసార్లు 32 దాటిన పిమ్మటనే రుసుము కట్టుడని నేను చెప్పుచుందును. ఆ వార్డు సభ్యుని కుమార్తెకును ఇదియే చెప్పితిని. ఆమె ఇరుగుపొరుగు పిల్లలు నలుగురితో పాఠశాల గదిలో సాధన చేయుచున్నది. కడపటిసారి మాటలాడినప్పుడు 27 దగ్గర నున్నది. రుసుము ఇంకను కట్టలేదు.